నిత్యలేఖనము: దినచర్యలో దానికి చోటు

వ్రాయవలెనను కోరిక లేనివారు మనలో అరుదు. సెలవులలో వ్రాసెదమని కొందఱు, పరీక్షలైన పిమ్మట వ్రాసెదమని కొందఱు, పంట యింటికి వచ్చిన తరువాత తీరికగా కూర్చుండెదమని పెద్దలును తలంచుచుందురు. ఆ తీరిక రాదు. సెలవులు వచ్చును, పరీక్షలు ముగియును, వేరుసెనగ బస్తాలు మార్కెట్టుకు పోవును. కాని ఆ దినముల పనులు ఆ దినములకు ఉండనే యుండును. కావున తీరిక దొరకినపుడు ఏమి వ్రాయుదమనునది అసలు ప్రశ్న కాదు. తీరికలేని దినములో వ్రాతకు చోటు కల్పించుట యెట్లు అనునదియే ప్రశ్న. దానిని మాకు తెలిసినంతవఱకు ఈ వ్యాసమున వివరింపఁదలఁచితిమి.

దీనికి నిదర్శనములకై దూరము పోనక్కఱలేదు. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమలతో సంబంధముగల యిద్దఱు పెద్దల వ్రాఁతలను పరిశీలించినఁ జాలును. ఒకరు ఈ దారిని నడచిపోయిన బాటసారి. మఱియొకరు ఈ నేలనే పుట్టినవారు.

మొదట బాటసారి మాట. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ యుద్యోగము చేసినవారు. 1830 మే 18వ తేదీన ఇల్లు విడిచి కాశికిఁ బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన మరల చెన్నపట్టణము చేరిరి. అప్పటికి మన దేశమున రైలుబండి లేదు. పల్లకి, బోయీలు, కావళ్లు, వంటపాత్రలు, ఎండ, వాన, దారిలో ఏఱులు - ఇదియే ప్రయాణము. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము చూచుకొని, కృష్ణ దాటి, పెంట్లవెల్లి, పానుగల్లు ప్రాంతముల మీఁదుగా హైదరాబాదునకుఁ బోయిరి. కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల యను మిత్రుఁడు కోరినందున, దారి పొడుగునను తాము చూచినదానిని వ్రాయుచు వచ్చిరి. ఆ వ్రాఁతలే కాశీయాత్ర చరిత్ర యను పేర 1838లో గ్రంథముగా వెలువడినవి. అప్పటికి వీరాస్వామయ్యగారు జీవించి లేరు.

ఆ గ్రంథమును తెఱచినవారు అందు గొప్ప వర్ణనలకై వెదకిన నిరాశపడుదురు. ఏ మజిలీనుండి ఏ మజిలీకి ఎంత దూరము, దారి యెట్టిది, దిగిన యూర అంగళ్లు కలవా, నీళ్లు మంచివా, సామాను దొరకునా, అక్కడి జనులు ఎట్లున్నారు - ఇట్టి సంగతులే పుటపుటను గలవు. కొల్లాపురము, వనపర్తి జమీందారుల పోరువలన నడుమనున్న పల్లెలు పడిన బాధలుగూడ ఆయన దృష్టిని దాటిపోలేదు. అవి వ్రాయునాఁటికి ఎవరికిఁ గావలెను? దారిపోవువానికిఁ దప్ప మఱెవ్వరికిని అక్కఱలేని మాటలు. నేఁడు మన పెద్దల నడిగిన, రెండువందల యేండ్ల క్రిందట ఈ దారి యెట్లుండెనో చెప్పగలవారు లేరు. ఆ పుటలే చెప్పవలెను.

ఆయన అంత ప్రయాణములో ఎట్లు వ్రాయఁగలిగెనని యోచింపుఁడు. దానికి మాకు రెండు కారణములు కనఁబడుచున్నవి. మొదటిది, వ్రాఁతకు గుఱి యొక్క మనుష్యుఁడు. లోకమంతటికి వ్రాయఁబూనిన యెడల మొదటి వాక్యమే దొరకదు; శ్రీనివాసపిళ్లకు చెప్పవలెననిన మాటలు వాటంతటవే వచ్చును. రెండవది, ప్రయాణమే ఆయనకు క్రమమును ఏర్పఱచెను. దినమునకొక మజిలీ యుండును. మజిలీకొక వ్రాఁత యుండును. క్రొత్త నియమ మేదియు కల్పించుకొనలేదు. జరుగుచున్న పనికే వ్రాఁతను తగిలించిరి. ఈ రెండవ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొన వేఁడెదము. దీనిపైననే మా వ్యాసము చాలవఱకు నిలిచియున్నది.

ఇఁక సురవరము ప్రతాపరెడ్డిగారు. 1896 మే 28వ తేదీన బోరవెల్లిలో జన్మించిరి. ఆ గ్రామ మిప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలోనున్నది. ఆయన స్వగ్రామము ఇటికాలపాడును ఆ సీమలోనిదే. కర్నూలులోను, హైదరాబాదులోను, చెన్నపట్టణములోను చదివి, న్యాయవాదియైరి. 1926 మే 10వ తేదీన హైదరాబాదునందు గోలకొండ పత్రికను వారమునకు రెండుమార్లు వెలువడునట్లు స్థాపించిరి. నైజాము రాజ్యమున తెలుగువారికి పత్రికలు మిక్కిలి కొఱఁతగా నుండిన కాలమది. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్రమహాసభకు అధ్యక్షులైరి. రెడ్డి విద్యార్థి వసతిగృహపు బాధ్యతయు కొంతకాలము వహించిరి. 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికై, 1953 ఆగస్టు 25వ తేదీన గతించిరి.

వారమునకు రెండు సంచికలనిన, సంవత్సరమునకు నూటికిఁ బైఁబడిన సంచికలు. ఒంటిలో జ్వరముండనీ, కచేరిలో వ్యాజ్యముండనీ, ఇంట పెండ్లియుండనీ, అచ్చుకూటము ఆగదు. సంపాదకుఁడు ఏ దినమున స్ఫూర్తి కలుగునో యని ఎదురుచూచుచుఁ గూర్చుండిన, పత్రిక వట్టి కాగితములతో వెలువడవలెను. వ్రాయువారు చాలనపుడు మాఱుపేర్లతో తామే వ్రాసి ఖాళీలు పూరించిరని ప్రసిద్ధి. గడువు ఆయనకు గురువైనదని మా అభిప్రాయము. పాఠశాలలో ఇంటిపని యిచ్చు నుపాధ్యాయునిపై బాలురకుఁ గల కోపము మేమెఱుఁగుదుము; కాని అట్టి గడువునే ప్రతాపరెడ్డిగారు తమకుఁ దామే విధించుకొనిరి.

నైజాము తెలంగాణమున తెలుగు కవులు లేరను మాట యొకటి ఆ కాలమున వినవచ్చెను. దానికి ఆయన వాదముతో బదులు చెప్పలేదు. 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి, 354 కవుల రచనలను అందుఁ జేర్చిరి. ఇట్టిది ఒక రాత్రి కూర్చుండి వ్రాయునది కాదు. జాబులు వ్రాయవలెను, వచ్చినవానిని చదువవలెను, పేరు, ఊరు, గ్రంథములు వేఱువేఱుగా గుర్తించుకొనవలెను. ఇది పూర్తిగా నిత్యలేఖనపుఁ బని. ఆంధ్రుల సాంఘిక చరిత్ర సంగతియు నిట్టిదే. 1949లో వెలువడిన ఆ గ్రంథమున రాజుల యుద్ధములకంటె జనుల తిండి, బట్ట, ఆట, పండుగ, వ్యాపారము, నమ్మకము మొదలగువానికే పెద్దపీట. ఆ సంగతులు శాసనములలోను, ప్రాచీన కావ్యములలోను, శతకములలోను ఇక్కడొకటి, అక్కడొకటిగాఁ జెదరియుండును. ఒక పద్యములో ఒక ఆటపేరు, మఱియొకదానిలో ఒక వంటకము. చదువునపుడే వ్రాసియుంచుకొననివానికి అవి మరల దొరకవు. 1955లో తెలుగున మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము ఆ గ్రంథమునకే వచ్చినది. గ్రంథకర్త దానిని చూచుకొనలేదు. 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టఁబడినది.

పత్రికలు నడపువారికిని యాత్రలు చేయువారికిని ఇది చెల్లును, బడికిఁ బోవు మాకేల యని బాలురు అడుగవచ్చును. పొయ్యిముందు కూర్చుండు మాకేల యని తల్లులు అడుగవచ్చును. వారికి ఆంగ్లదేశపు ట్రాలప్ కుటుంబమును జూపెదము. ఆంథొనీ ట్రాలప్ పోస్టాఫీసు ఉద్యోగి. ఆయన నలువదియేడు నవలలు వ్రాసెను. వానిలో పెక్కింటిని ఉద్యోగము చేయుచునే వ్రాసెను. ఉదయము ఐదున్నరకు బల్లయొద్ద కూర్చుండి ఎనిమిదిన్నరకు లేచుట ఆయన నియమము. మొదటి అరగంట నిన్న వ్రాసినదానిని చదువుకొనుటకు. తరువాత గడియారము ముందు పెట్టుకొని కాలుగంటకు 250 మాటల లెక్కను వ్రాయుటకు. వేకువను కాఫీ తెచ్చి తన్ను లేపుటకై ఒక నౌకరుకు ఏఁటికి ఐదు పౌనులు అదనముగా నిచ్చుచుండెను. ఈ సంగతులన్నియు ఆయనయే స్వీయచరిత్రమున వ్రాసికొనఁగా, మరణానంతరము 1883లో అది వెలువడినది. స్ఫూర్తిని గడియారముతో కొలుచుటేమని ఆక్షేపించినవారును కలరు.

మాకు ఆంథొనీకంటె ఆయన తల్లి ఫ్రాన్సెస్ మిన్న యని తోఁచును. ఆమె మొదటి గ్రంథము వెలువడిన 1832 నాఁటికి ఆమెకు ఏఁబదిరెండేండ్లు దాటినవి. ఇల్లు అప్పులపాలై, భర్తయు బిడ్డలును వ్యాధిగ్రస్తులైయుండఁగా, ఆమె తెల్లవాఱుజామున నాలుగు గంటలకు లేచి, ఇంటివారు మేల్కొనులోపల తన వ్రాఁతను ముగించుకొని, పిమ్మట పగలంతయు రోగులకు ఉపచారము చేయుచుండెను. నౌకరుకు ఐదు పౌనులిచ్చి లేపించుకొను భాగ్యము ఆమెకు లేదు.

ఇప్పుడు ఆచరణకు వత్తము. వ్రాఁతకు వేళ నిర్ణయించుకొనుమని పెద్దలు చెప్పుట వాడుక. వేళకంటె పనిని నిర్ణయించుకొనుట మేలని మా మతము. ఆఱు గంటలకు వ్రాసెదననిన, ఆఱు గంటలకు బస్సు రాకపోవచ్చును, కరెంటు పోవచ్చును, చుట్టములు రావచ్చును. పాలు పితికినవెంటనే వ్రాసెదను, బస్సు దిగి కాళ్లు కడిగికొనిన వెంటనే వ్రాసెదను, రాత్రి పళ్లెములు కడిగి బోర్లించిన వెంటనే వ్రాసెదను అని అనుకొనినచో, ఆ పని ఆలస్యమైనను వ్రాఁత దాని వెనుకనే వచ్చును. వీరాస్వామయ్యగారి మజిలీ వంటిదే యిది. ఎన్నుకొను పని ప్రతిదినము తప్పక జరుగునదై యుండవలెను; అది ముగిసినపుడు చేతులు ఖాళీగా నుండవలెను. పశువులను మేఁపుటకుఁ దోలికొని పోవు బాలునికి సాయంత్రమున వానిని కట్టివేసిన క్షణము తగును. విద్యార్థి గృహములలో నుండువారికి రాత్రిచదువు గంట కొట్టిన తరువాతి మొదటి పది నిమిషములు తగును. చివరి పది నిమిషములు నిద్రవి.

పరిమాణము చాల స్వల్పముగా నుండవలెను. ఐదు పంక్తులు చాలును. నవ్వుదురేమో! దినమునకు ఐదు పంక్తులు వ్రాసిన సంవత్సరమునకు పదునెనిమిది వందల పంక్తులు దాటును. పుటకు ఇరువది పంక్తులు గల నోటుబుక్కున తొంబది పుటలు. మన తరగతిలో ఎందఱు తమంతట తాము తొంబది పుటలు వ్రాసియున్నారు? మొదటివారము ఉత్సాహముతో నాలుగేసి పుటలు వ్రాసినవారు రెండవ వారమున విడిచిపెట్టుట మేము అనేకసారులు చూచియున్నాము. ఇంకను వ్రాయవలెనని యుండఁగానే కలము మూయుట మంచిది. మఱునాఁడు ఎక్కడ మొదలుపెట్టవలెనో తెలిసియుండును. ట్రాలప్ చేసినట్లు, నిన్నటి పంక్తులను ఒకమాఱు చదివిన తరువాతనే నేఁటివి మొదలుపెట్టవలెను.

గద్వాల చీర నేయువారి మగ్గమును చూడనివారు ఒకమాఱు పోయి చూడవలయును. ఆ చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. రెండును వేఱు పోఁగులు. అడ్డపు పోఁగు వేసినప్పుడెల్ల నూలును పట్టును ఒండొంటితో పెనవేయుచుఁ బోవలెను. తరువాత అతికించుట కాదు. నేఁతగాఁడు చీర మొత్తమును తలఁచుకొని కూర్చుండఁడు, ఈ పోఁగును జూచును. ఇంటిపనికిని వ్రాఁతకును గల సంబంధ మిట్లుండిన చాలును.

ఏమి వ్రాయవలెననునది అందఱికిని కలుగు చిక్కు. "నేఁడు బడికిఁ బోయితిని, వచ్చితిని" అని వ్రాసి, నాలుగవ దినమున విసుగుచెందుదురు. దీనికి మందు వివరము. బడికిఁ బోయితివి సరే, దారిలో చెఱువున నీళ్లు ఎంతవఱకు నున్నవి? శ్రీరంగాపురపు రంగసముద్రమువంటి పెద్ద చెఱువులున్న వనపర్తి సీమలో ఈ ప్రశ్నకు దినదినము వేఱు జవాబు దొరకును. వాన ఏ దిక్కునుండి వచ్చినది? ఎంతసేపు కురిసినది? సంతలో వంకాయలు కిలో యెంత? నాయన గొఱ్ఱు పట్టినది ఏ తేదీన? మొదటి కలుపు ఎప్పుడు? అవ్వ జొన్నలు పోసికొన్న గరిసె యెంత యెత్తు? తవ్వ, మానిక, పుట్టి యనునవి వారింట ఎంతెంత కొలత? తాత వాడిన మాటలలో తనకు తెలియనిది ఒక్కటి యున్నను దానిని వ్రాసి, ప్రక్కన అర్థము వ్రాయవలెను. అందమైన మాటలకై వెదకనక్కఱలేదు. అంకె, పేరు, రంగు, వాసన - వీనిలో ఏదైన నొక్కటి ప్రతి దినము ఉండునట్లు చూచుకొనినఁ జాలును.

ఈ చిన్న సంగతుల విలువ యెట్టిదో కృష్ణాతీరమువారికి చెప్పనక్కఱలేదు. శ్రీశైలపు ఆనకట్ట నిండినపుడు కొల్లాపురము, అలంపురము వైపు గ్రామములెన్నో నీటిపాలైనవి. 1981లో జనులు ఇండ్లు విడిచి గట్టెక్కిరి. కూడలి సంగమేశ్వరుని ప్రాచీనాలయమును రాయిరాయిగా విప్పి, అలంపురమునకుఁ దెచ్చి మరలఁ గట్టిరి. రాళ్లు తరలినవి. ఆ యూళ్లలో ఏ వీధిలో ఎవరుండిరి, ఏ రేవున బట్టలు ఉదుకుచుండిరి, ఏ పొలమును ఏ పేరునఁ బిలుచుచుండిరి, ఉగాదినాఁడు బండ్లు ఏ దారిని తిరుగుచుండెను - ఇవి ఎవరు తరలించిరి? ఆ గ్రామములలోని ఏ బాలుఁడైనను దినమునకు ఐదు పంక్తులు వ్రాసియుండినచో, నేఁడు ఆ నోటుబుక్కు ఒక యూరంత విలువ చేసియుండును. నాఁడు ఇరువదేండ్లవారికి ఇప్పుడు అఱువది దాటినది. వారినడిగి వ్రాసికొనుటకు కాలము మిగిలియున్నది. చాల మాత్రము లేదు. ఆ గ్రామముల బంధువులుగల విద్యార్థులు దీనిని ఈ యేఁటి పనిగాఁ బెట్టుకొనవలెనని మా ప్రార్థన.

తలిదండ్రులకు ఒక మాట. వ్రాఁత వలన పరీక్ష చదువు చెడునని భయపడకుఁడు. పది నిమిషముల పని యది. బిడ్డ వ్రాసినదానిని అడుగక తెఱచి చదువకుఁడు. చదువుదురని తెలిసినచో వాఁడు మీరు మెచ్చునదే వ్రాయును, చూచినది వ్రాయఁడు. చదువురాని తల్లియైనను ఈ పనిలో పాలుగొనవచ్చును. అన్నము వడ్డించుచు ఆమె చెప్పినది బిడ్డ వ్రాసి, మరల చదివి వినిపింపవలెను. ఇంటిలో ఆడుబిడ్డకు అంట్లు, నీళ్లు, చెల్లెలి జడ, ఇన్ని పనులు పెట్టి, అన్నకు మాత్రము కుర్చీబల్ల చూపుట మేము ఒప్పుకొనము. ఆమెకును ఆ పది నిమిషములు ఎవ్వరును పిలువకుండ ఇయ్యవలెను.

మన సీమనుండి కూలిపనికై పూనా, బొంబాయి మొదలగు చోట్లకు వలసపోవు కుటుంబములు తరతరములుగాఁ గలవు. అట్టి యిండ్ల పిల్లలు కొందఱు అవ్వతాతలయొద్ద నుండి చదువుచున్నారు. వారికి వారమున కొక జాబు వ్రాయుటయే మంచి నియమము. చేతిఫోను ఉండఁగా జాబేల యందురు. ఫోనున మాటాడిన మాట ఆ రాత్రికే కరగిపోవును. బాగున్నావా, తిన్నావా అనునంతటితో ముగియును. జాబులో ఎద్దు కాలు కుంటినది, బావిలో నీళ్లు దిగినవి, తాత దగ్గుచున్నాఁడు అను సంగతులు వచ్చును. వలసనుండి తిరిగి వచ్చునపుడు నాయన ఆ జాబులను పెట్టెలో వెంటఁ దెచ్చుకొనును. శ్రీనివాసపిళ్లవంటి చదువరి ఒకఁడు దొరకినట్లే కదా!

నియమము తప్పు దినములుండును. జాతర, జ్వరము, కోఁత, పెండ్లి. తప్పిన దినముల బాకీని ఒక్కసారిగాఁ దీర్పఁబూనుట పెద్ద అపాయము. ఆఱు దినముల వ్రాఁత మీఁదఁ బడుటతో కలమే భారమగును. తప్పిన తేదీలయెదుట ఒక అడ్డగీఁత గీసి, "కోఁత" అనియో "జ్వరము" అనియో ఒక్కమాట వ్రాసి, నేఁటినుండి సాగింపవలెను. ఆ ఒక్క మాటయు వ్రాఁతయే. కోఁతకాలమున ఇంటిల్లిపాదియు పొలముననుండు వారములలో నియమమును ఐదు పంక్తులనుండి ఒక పంక్తికిఁ దగ్గించుకొనవచ్చును, ఎత్తివేయరాదు.

ఇఁక సామగ్రి విషయము. విడి కాగితములు వద్దు, అవి పొట్లములగును. కుట్టిన నోటుబుక్కు ఒకటి, పెన్సిలు కాక సిరా కలము ఒకటి. ప్రతి వ్రాఁతకు మొదట తేదీ, నెల, సంవత్సరము పూర్తిగా వ్రాయవలెను, ఊరిపేరుగూడ వ్రాయవలెను. వలసకో, చదువుకో ఊరు మాఱువారికి ఇది మఱింత యవసరము. ఫోనులో వ్రాసికొనువారు నెలకొకమాఱు దానిని పుస్తకములోనికి ఎక్కింపవలెను, ఫోను పగిలినను పోయినను వ్రాఁత మిగులును. నిండిన పుస్తకమును అటుకుమీఁద మూటగట్టి పడవేసినఁ జెదలు వదలవు. ఎండిన వేపాకు వేసి, రేకుపెట్టెలో, గోడకు దూరముగా నుంచి, ఏఁట రెండుసారులు ఎండలోఁ గాక నీడలో ఆరవేయవలెను. అట్ట పైని పేరు, మొదటి తేదీ, కడపటి తేదీ వ్రాయుట మఱవరాదు.